వెనక్కి పంపినవాళ్ళు ఎంతమంది

పై హాల్లో లైబ్రరీ సిబ్బందికి రెండు రోజుల శిక్షణ. రెండో రోజు మధ్యాహ్నం, తరగతి నడుస్తుండగానే కౌంటరక్క లేచి కిందికొచ్చి, పాత పేపర్ల గదిలోకి దూరింది. ఇరవై రెండేళ్ళుగా పుస్తకాలిచ్చే కౌంటర్లోనే ఉన్న మనిషి. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. లైబ్రేరియన్ వెనకాలే వచ్చాడు.

"అలా మధ్యలో లేచొచ్చేస్తే ఎలాగమ్మా? శిక్షణ ఇవ్వడానికొచ్చిన మేడమ్ ముందు నా పరువేం కావాలి?"

"మీ పరువుకేం సార్, భేషుగ్గా ఉంది. ఇందాకటిదాకా పకపకా నవ్వుతూనే ఉందిగా."

"ఎవరు నవ్వింది?"

"మీరు."

"నేనా? నాకు దగ్గొచ్చింది."

"దగ్గొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. మీరు పొట్ట పట్టుకున్నారు."

"సరే, నవ్వాను. అందరూ నవ్వారు. అదొక ఆటమ్మా! 'ఇబ్బంది పెట్టే పాఠకుడితో ఎలా మాట్లాడాలి' అని మేడమ్ ఆడించింది. ఒకరు కౌంటరు, ఒకరు పాఠకుడు. మన క్లర్కు పాఠకుడి వేషం వేశాడు. దానికింత రాద్ధాంతమా?"

"అది వేషం కాదు సార్, వెక్కిరింత. మూతి ఓ పక్కకి వంకర తిప్పి, కుడిచెయ్యి వేలాడేసి, 'క... కా... కాకి' అంటుంటే, ఎవర్ని వెక్కిరిస్తున్నాడో ఆ మేడమ్‌కి తప్ప హాలందరికీ తెలుసు."

"ఎవర్నీ కాదు. ఊరికే ఏదో..."

"రేడియోని."

"ష్! నెమ్మదిగా. పైకి వినబడుద్ది."

"వినబడనీండి. రెండేళ్ళయింది ఈ బిల్డింగులో ఆ మాట వినబడి."

"అయిపోయిన పెళ్ళికి మేళమెందుకమ్మా ఇప్పుడు? ఇదిగో, ఈ కాగితం మీద ఓ సంతకం పడెయ్. అందరూ పెట్టేశారు. నీ గడి ఒక్కటే ఖాళీ. ఆవిడకి ఐదింటికి రైలు."

"ఏముంది దాంట్లో?"

"ఏముంటుంది? 'గ్రంథాలయం అందరిదీ' అని పైన పెద్దక్షరాలు. కింద నాలుగు ప్రశ్నలు. మనవాళ్ళు నింపేశారు."

"చదవండి."

"నీకు చదవడం రాదా?"

"వచ్చు. మీరు చదువుతుంటే వినాలనుంది."

"ఏం పంతమమ్మా ఇది... 'గడచిన మూడేళ్ళలో శారీరక, మానసిక ఇబ్బందుల కారణంగా ఈ గ్రంథాలయం నుంచి వెనక్కి పంపిన పాఠకుల సంఖ్య'."

"ఏం వేశారు?"

"సున్నా."

"కొట్టెయ్యండి."

"పెన్నుతో వేశాం. కొట్టివేతలుంటే పైవాళ్ళు ఒప్పుకోరు."

"మనిషిని కొట్టేస్తే ఒప్పుకున్నారుగా!"

"నోటికొచ్చినట్టు మాట్లాడకు. ఎవర్ని కొట్టేశాం? ఆయన్ని ఎవరైనా మెడపట్టి గెంటారా? ఉత్తరం రాశామా? నోటీసిచ్చామా?"

"లేదు. మీకు తెలుసుగా, కాగితం మీద పెడితే మెడకి చుట్టుకుంటుందని. 'కాగితం వద్దు, నోటిమాటగా చెప్పెయ్' అన్నారు. ఈ గుమ్మంలోనే నిలబడి అన్నారు. పైగా నా భుజం తట్టారు, 'నువ్వైతే మెత్తగా చెప్తావమ్మా' అని."

"మరి ఏం చెయ్యమంటావు? పదకొండుమంది కుర్రాళ్ళు సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చారు. నెల రోజుల్లో వాళ్ళకి ఉద్యోగ పరీక్ష. వాళ్ళేమన్నా మేడల్లోంచి వచ్చారా? ఒకడింట్లో ఒకటే గది, ఆరుగురు మనుషులు. ఇంకొకడు నా కాళ్ళమీద పడ్డాడు, 'సార్, ఇది మూడోసారి, వయసు దాటిపోతుంది' అని. పక్కనే ఈయన పొద్దుట్నుంచి 'ఆ... ఆవు, ఆ... ఆవు' అంటుంటే వాళ్ళకి బుర్రకెక్కుతుందా? నన్నెవరి వైపు ఉండమంటావ్?"

"రెండు వైపులా. అందుకేగా సార్ మిమ్మల్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది?"

"మాటలు బానే ఉంటాయి."

"ఈ గదేమైంది? చెప్పండి. ఇప్పుడు మనం నిలబడ్డ ఈ గది. నలభై ఏళ్ళ పేపర్లు, వాటిమీద దుమ్ము, చెదపురుగులు తప్ప ఇక్కడ చదివేవాళ్ళెవరు? మూల ఓ బల్ల, ఓ కుర్చీ వేసి తలుపేస్తే ఆయన గొంతు రీడింగ్ హాలుకి వినబడుద్దా? ఇందాకట్నుంచి మనం అరుచుకుంటున్నాం, ఎవరైనా వచ్చారా?"

"అదీ... నిజమే అనుకో."

"మరి?"

"మరి ఆ ముక్క అప్పుడెందుకు చెప్పలేదు?"

"ఎవరు?"

"నువ్వే. ఈ గది తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది? నీ దగ్గర. నేనొచ్చి నాలుగేళ్ళు. నువ్వు ఇరవై రెండేళ్ళుగా ఉన్నావు. ఏ గదిలో ఏముందో నాకన్నా నీకు తెలుసు. 'సార్, పాత పేపర్ల గది ఖాళీగా ఉంది' అని ఒక్కసారి, ఒక్కసారి అన్నావా?"

"అంటే వినేవారా?"

"విననేమో. కానీ నువ్వు అన్నావా?"

"సార్, మాట మార్చకండి."

"మార్చట్లేదు. అదే మాట పట్టుకునే అడుగుతున్నా. అన్నావా?"

"అనలేదు."

"ఆ. ఇప్పుడు నామీద పడి ఏడిస్తే ఏం లాభం?"

తలుపు తోసుకుని శిక్షణ ఇచ్చే అమ్మాయి లోపలికొచ్చింది. చేతిలో మైకు ఇంకా అలాగే ఉంది.

"సారీ సార్. పైన అందరూ ఎదురుచూస్తున్నారు. అక్కా, మీకు ఒంట్లో బాలేదా?"

"ఒళ్ళు బానే ఉందమ్మాయ్. నువ్వు చెప్పు. నువ్వెందుకు నవ్వావ్?"

"నేనా? ఎప్పుడు?"

"క్లర్కు వంకరమూతి పెట్టినప్పుడు."

"అది... అందరూ నవ్వుతుంటే నవ్వొచ్చింది. బాగా చేశాడు కదా, నిజం మనిషిలా ఉన్నాడు."

"నిజం మనిషే."

"అంటే?"

"ఏం లేదు మేడమ్, మా వాళ్ళలో వాళ్ళకి చిన్న మాటపట్టింపు. మీరు పదండి, నేను సంతకం పెట్టించి తీసుకొస్తా."

"ఆగండి సార్. ఎవరు అక్కా ఆ నిజం మనిషి?"

"మేడమ్, మీ రైలు..."

"రైలు సంగతి నేను చూసుకుంటాను. మీరు చెప్పండి అక్కా."

"ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. ఒక్క అక్షరం తప్పు పోనిచ్చేవాడు కాదట. ఓ రోజు పని చేస్తూ చేస్తూ పక్కకి ఒరిగిపోయాడు. పక్షవాతం. లేచేసరికి కుడిపక్క పడిపోయింది, మాటలన్నీ పోయాయి. అక్షరం కంటికి కనిపిస్తుంది, నోటికి రాదు. డాక్టరు చెప్పాడట, రోజూ చదవాలి, పైకే చదవాలి, తన చెవికి తను వింటేగానీ మాట తిరిగి రాదని. ఇంట్లో చూస్తే చెల్లెలిది టైలరింగు, మూడు మిషన్లు పొద్దస్తమానం గరగరమంటాయి. అందుకని ఇక్కడికి తెచ్చి దింపేది."

"పైకి చదివేవాడన్నమాట."

"పైకే. నలభై ఆరేళ్ళ మనిషి పిల్లల బొమ్మల పుస్తకం ముందేసుకుని, ఎడమచేతి వేలు అక్షరం కింద పెట్టుకుని. మొదట్లో 'క' అనడానికి నిమిషం పట్టేది. ఆర్నెల్లకి మాటలు. ఎనిమిదో నెల్లో ఓ పేజీ అంతా ఆగకుండా చదివేసి, లేచి నిలబడి చుట్టూ చూశాడు, ఎవరన్నా విన్నారా అని. అందరూ పుస్తకాల్లో తలలు పెట్టుకుని ఉన్నారు. రేడియో అని పేరు పెట్టింది ఆ కుర్రాళ్ళే. తర్వాత మేమూ అదే అన్నాం."

"తర్వాత?"

"తర్వాత అర్జీ వచ్చింది. సార్ నాకు చెప్పారు. నేను ఆయనకి చెప్పాను."

"ఏమని?"

"వదిలేద్దూ అమ్మా. మేడమ్‌కెందుకవన్నీ."

"మీరు ఊరుకోండి సార్. ఏమని చెప్పారు అక్కా?"

"ముందు నోరు రాలేదు. గోడమీద బోర్డు చూపించాను. 'నిశ్శబ్దం' అని రాసుంటుంది చూడు, అది. వేలు పెట్టి చూపిస్తే అర్థం చేసుకుని గొంతు తగ్గిస్తాడనుకున్నా."

"చేసుకోలేదా?"

"చదవమన్నాననుకున్నాడు."

"అయ్యో!"

"'ని' అన్నాడు. ఆగిపోయాడు. దాని తర్వాత ఒత్తుందిగా, నోరు తిరగదు. మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకున్నాడు. మళ్ళీ ఆగాడు. నుదుటిమీద చెమట. నాలుగుసార్లు. ఐదోసారి, హాలు అదిరిపోయేలా, 'నిశ్శబ్దం' అన్నాడు. ఒక్క తప్పు లేదు. రెండు ఒత్తులూ శుభ్రంగా పలికాయి. పలికి, నా వంక చూశాడు."

"ఎందుకు?"

"మెచ్చుకుంటానని."

"మీరేం చేశారు?"

"హాల్లో అందరూ నన్నే చూస్తున్నారు. 'రేపట్నుంచి రావద్దండీ' అన్నాను."

"వెళ్ళిపోయాడా?"

"ముందు అర్థం కాలేదు. తల ఊపి నవ్వాడు. రెండోసారి గట్టిగా అన్నాను. అప్పుడు అర్థమైంది. పుస్తకం మూసి, తెచ్చిన అరలోనే పెట్టి వెళ్ళాడు. ఎప్పుడూ తప్పు అరలో పెట్టేవాడు. ఆ రోజు సరిగ్గా పెట్టాడు."

"చూశారుగా మేడమ్, పుస్తకాల మధ్య మనిషి కదా, కథలు బాగానే అల్లుతుంది..."

"సార్! కథేంటి సార్? అతని చెల్లెలు మూడుసార్లు వచ్చింది. మీతో మాట్లాడాలంది. మూడుసార్లూ మీరు లోపలే ఉన్నారు. మూడుసార్లూ నాతో 'లేరని చెప్పు' అన్నారు. మూడోసారి మీకు తుమ్మొచ్చింది. ఆవిడ తలుపు వంక చూసింది. నేను 'సార్ లేరండీ' అన్నాను. మనిషి లేకుండా తుమ్మెలా వచ్చిందని ఆవిడ అడగలేదు. ఆవిడకున్న మర్యాద మనకు లేదు."

"నేను ఒంటరిగా ఏం చెయ్యగలను? పైనుంచి ఓ మార్గదర్శకం లేదు, ఓ గది మంజూరు లేదు. ఇప్పుడు శిక్షణంటున్నారు, రెండేళ్ళ కిందట ఈ శిక్షణ ఎక్కడుంది? ఏం మేడమ్, తప్పా?"

"తప్పు కాదు సార్. కానీ ఒకటి చెప్పనా? నేను ఇప్పటికి పద్నాలుగు లైబ్రరీలు తిరిగాను. ఆ ప్రశ్న నేనే రాశాను, నిజం రాస్తారని. పద్నాలుగింట్లోనూ సున్నాలే. సున్నాలు పోగేసి పైకి పంపిస్తున్నా. 'అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి' అని నన్ను పొగుడుతున్నారు. ఇవాళ పదిహేనోది. ఇక్కడా సున్నా. పైగా నేను ఆట ఆడించి ఆ మనిషిని మళ్ళీ వెక్కిరించాను. సిగ్గుగా ఉంది."

"నీదేం తప్పమ్మాయ్. నీకు తెలీదు. నాకు తెలుసు."

"మీరు సార్ చెప్పింది చేశారు అక్కా. ఉద్యోగం."

"ఆ మాట అనకు. ఆ ఒక్క మాటా అనకు! రెండేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నది అదే. సార్ ఇందాక అడిగారు, ఈ గది సంగతి అప్పుడెందుకు చెప్పలేదని. సమాధానం చెప్పలేక కోప్పడ్డాను. చెప్పమంటారా సార్?"

"ఎందుకమ్మా ఇప్పుడు..."

"నాకూ విసుగొచ్చేసింది. అంతే. పొద్దున పదింటికి మొదలైతే ఒంటిగంటదాకా ఆ ముక్కలు ముక్కలు మాటలు. తల దిమ్మెక్కిపోయేది. గడియారం వంక చూసేదాన్ని, చెల్లెలెప్పుడొచ్చి తీసుకుపోతుందా అని. మీరు 'చెప్పెయ్' అన్నప్పుడు నా నెత్తిమీద బరువు దిగింది సార్. ఆయన వెళ్ళిన మర్నాడు మధ్యాహ్నం హాలంతా చల్లగా, నిద్రొచ్చేంత హాయిగా ఉంది. ఆ హాయి నాకింకా గుర్తుంది. అందుకే గది గుర్తు రాలేదు. గుర్తు రానివ్వలేదు."

"అక్కా, కూర్చోండి."

"కూర్చోను. ఆ కాగితం ఇలా ఇవ్వండి."

"అమ్మా, తొందరపడకు. ఆలోచించు."

"సున్నాకి ముందు ఒకటి పెడితే పది అవుతుంది. కొట్టేసి రాస్తున్నా. 'ఒకరు'. చూడండి. ఇక్కడ నా సంతకం."

"సర్వనాశనం."

"పేరు కూడా రాయండి అక్కా. పక్కన గడి ఉంది."

"ఎవరి పేరు? నాదా?"

"ఆయన పేరు."

"రేడియో..."

"అది మీరంతా పిలిచింది. ఆయన పేరు."

"ఆయన పేరు... ఆయన పేరు..."

"తెలీదా?"

"ఎనిమిది నెలలు రోజూ వచ్చాడు... 'రండి' అనేదాన్ని. కార్డుమీద ఉంటుంది. నేనే రాశాను ఆ కార్డు. నా చేత్తోనే రాశాను. ఉండు, ఉండు, తెస్తాను."

కౌంటర్ దాకా వెళ్ళి సొరుగులన్నీ బోర్లించి, కార్డు పట్టుకుని తిరిగొచ్చింది. ముగ్గురూ ఆ చిన్న అట్టముక్క చుట్టూ నిలబడ్డారు.

"దొరికిందా?"

"దొరికింది. రాశాను చూడు, ఇంటిపేరుతో సహా. ఫోన్ నంబరు కూడా ఉంది. చెల్లెలిది."

"అయితే నాకో ఆలోచన వచ్చింది మేడమ్. వాళ్ళకి ఫోన్ చేద్దాం. ఇవాళే పిలిపిద్దాం. మీ చేతుల మీదుగా ఆయనకో పుస్తకం ఇప్పిద్దాం. పై హాల్లో బ్యానర్ ముందు నిలబెట్టి ఓ ఫోటో తీద్దాం. 'వెనక్కి వెళ్ళిన పాఠకుణ్ణి సాదరంగా ఆహ్వానించిన గ్రంథాలయం' అని నివేదికలో రాసుకోవచ్చు. ఆ 'ఒకరు' కూడా చక్కగా..."

"ఫోటోనా?"

"ఎందుకంత ఉరిమి చూస్తావ్? మంచికే చెప్తున్నా."

"ఇంకోసారి ఫోటో అంటే ఈ పేపర్ల కట్ట ఎత్తి మీ నెత్తిన పడేస్తాను. సార్ అని కూడా చూడను."

"విన్నారా మేడమ్? విన్నారా?"

"విన్నాను సార్. ఫోటో వద్దు. ఫోన్ మాత్రం చేద్దాం. కానీ ఏమని పిలుస్తాం? ముందు గది సంగతి తేల్చండి. ఈ గది ఇస్తారా?"

"ఇవ్వడమంటే... శుభ్రం చేయించాలి, అటెండరు సెలవులో ఉన్నాడు, ఈ పేపర్లెక్కడికి మార్చాలి, పైనుంచి అనుమతి..."

"చీపురు నేను పడతాను. కట్టలు క్లర్కు మోస్తాడు. వేషాలు వెయ్యడానికి ఒళ్ళు వంగిందిగా, దీనికీ వంగుతుంది."

"అనుమతి నేను చూసుకుంటాను సార్. మీరు 'ఇస్తాను' అంటే చాలు."

"రోజుకి గంట."

"మూడు గంటలు. మునుపటిలాగే పదింటి నుంచి ఒంటిగంట దాకా."

"సరే, సరే. పొమ్మంటే పోరుగా ఇద్దరూ. చెయ్యండి ఫోన్."

"అక్కా, మీరు మాట్లాడండి. స్పీకర్లో పెడతాను."

"నేనా? నువ్వు మాట్లాడు తల్లీ."

"నేనెవరని మాట్లాడను? మీకు తెలిసినవాళ్ళు."

"రింగవుతోంది..."

"హలో."

"హలో. టైలరమ్మగారేనా అండీ?"

"ఆ, చెప్పండి. బట్టలు రేపిచ్చేస్తాను, గుండీలే మిగిలాయి."

"బట్టల కోసం కాదండీ. లైబ్రరీ నుంచి మాట్లాడుతున్నాం."

"ఎక్కడ్నుంచీ?"

"వినబడుతోందా అండీ?"

"ఉండండి. మిషన్ ఆపుతా... ఆ. ఇప్పుడు చెప్పండి. ఎవరు మాట్లాడేది?"

"ఇక్కడ... స్టాఫ్."

"స్టాఫా? చెప్పండి స్టాఫ్‌గారూ."

"మీ అన్నయ్యగారు ఎలా ఉన్నారు?"

"ఉన్నాడు. రెండేళ్ళకి గుర్తొచ్చాడా మీకు?"

"చదువుతున్నారా?"

"ఏం పెట్టి చదువుతాడు? నా కొలతల పుస్తకం చదువుతాడు. భుజం పదిహేను, చెయ్యి ఇరవై రెండు, నడుం ముప్పై ఆరు. ఈ చుట్టుపక్కల ఎవరి నడుమెంతో వాడికి కంఠతా వచ్చు. గిరాకీవాళ్ళ చెవిన పడితే నా దుకాణం మూతపడుతుందని, వాళ్ళు లేనప్పుడు చదివిస్తా. నవ్వొస్తోందా?"

"లేదండీ."

"మాకూ రాదు. దేనికి చేశారు?"

"ఆయన్ని మళ్ళీ తీసుకురండి. వేరే గది ఖాళీ చేస్తున్నాం. పదింటి నుంచి ఒంటిగంట దాకా. ఎంత గట్టిగానైనా చదువుకోవచ్చు. ఎవరూ ఏమీ అనరు."

"ఎవరిదీ దయ?"

"దయ కాదండీ. ముందే చెయ్యాల్సిన పని."

"మళ్ళీ ఏ నెల్లో పొమ్మంటారు?"

"అనం."

"కాగితం మీద రాసిస్తారా?"

"రాతపూర్వకంగా వద్దని చెప్పు, రేపు ఏదన్నా అయితే..."

"సార్, వినబడుతుంది!"

"ఎవరో పక్కన గొణుగుతున్నారు?"

"ఏం లేదండీ. రాసిస్తాం. సార్ సంతకంతో, ముద్రతో రాసిస్తాం."

"నేనెప్పుడన్నాను?"

"ఇప్పుడే అన్నారు సార్. మేడమ్ సాక్షి."

"అయితే తెస్తాను. ఒక్కటే షరతు."

"చెప్పండి."

"మీ కౌంటర్లో ఒకావిడ కూర్చునేది. ఇంకా ఉందా?"

"ఎందుకండీ?"

"చెప్తా వినండి. ఆ రోజు అన్నయ్యని తీసుకెళ్దామని వచ్చి గుమ్మం అవతల నిలబడ్డాను. అంతా చూశాను. నోరు తిరగని మనిషి చేత అంతమందిలో బోర్డు చదివించింది. చదవలేక వాడు చెమటలు కక్కుతుంటే చూస్తూ నిలబడింది. చదివాక పొమ్మంది. వాడు ఇంటికొచ్చి నెల రోజులు నోరు విప్పలేదు. మీ సారెవరో నేను చూడలేదు, ఆయన మీద నాకేం లేదు. అర్జీ పెట్టిన పిల్లల మీదా లేదు, వాళ్ళ చదువు వాళ్ళది. ఆవిడే. ఆవిడ మొహం మా అన్నయ్య కంట పడకూడదు. ఆవిడ లేని పూట చెప్పండి, తీసుకొస్తా."

"చదివించలేదండీ, అది..."

"ఏంటి?"

"ఏం లేదు."

"ఇదిగో, ఫోన్ చేత్తో మూశాను. బదిలీ అయిపోయిందని చెప్పెయ్యమ్మా. ఒక్క ముక్కతో తీరిపోతుంది. నిన్ను కొన్నాళ్ళు లోపల బైండింగులో కూర్చోబెడతా. నీకూ మంచిది, ఆయనకీ మంచిది."

"అక్కా, మీ ఇష్టం. నేనేం చెప్పలేను."

"హలో? ఉన్నారా? ఉందా ఆవిడ, పోయిందా?"

"ఉందండీ. ఎక్కడికీ పోలేదు. మీతో మాట్లాడుతున్నది ఆవిడే."

"తెలుసు."

"తెలుసా?"

"హలో అన్నప్పుడే తెలుసు. అదే గొంతు మూడుసార్లు నాతో 'సార్ లేరు' అంది, ఎలా మర్చిపోతాను? ఈసారీ అబద్ధమాడతావేమో చూద్దామని అడిగా. ఏడవకు. నీ ఏడుపు నాకేం అక్కర్లేదు. రేపు పదింటికి తీసుకొస్తున్నా. మీ సారు ఎదురు రానక్కర్లేదు, ఆ సాక్షి మేడమూ రానక్కర్లేదు. గుమ్మంలో నువ్వే నిలబడు. పొమ్మన్న నోటితోనే మా అన్నయ్యని పేరుపెట్టి రమ్మను."